షూటింగ్ అయ్యాక మొదలయ్యే తగువు

2023 జులైలో లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సల్ స్టూడియో బయట ఫుట్‌పాత్ మీది చెట్ల కొమ్మలు కొట్టేశారు. ఎండలు మండిపోతున్న రోజులు. సమ్మె చేస్తూ ప్లకార్డులు పట్టుకున్న హాలీవుడ్ రచయితలు, నటులు రోజూ తిరిగేది ఆ చెట్ల నీడలోనే. భద్రత కోసం ఏటా చేయించే పనేనని, సమ్మెతో దానికి సంబంధం లేదని స్టూడియో చెప్పింది. ఆ చెట్లు నగరానివని, కొట్టడానికి పర్మిషన్ ఇవ్వలేదని నగర కంట్రోలర్ తేల్చారు. చివరికి పడిన జరిమానా 250 డాలర్లు.

పత్రికలకు ఇలాంటి ముచ్చట్లంటే ఇష్టం. అయితే అన్ని వేల మంది నెలల తరబడి ఆ ఎండలో ఎందుకు నిలబడ్డారో తెలియాలంటే ‘రెసిడ్యువల్స్’ అనే మాట దగ్గరికి వెళ్లాలి. మన దగ్గర దీనికి సరైన తెలుగు మాట లేదు. పాటల సంగతి పక్కన పెడితే ఆ డబ్బే మన పరిశ్రమలో లేదు కాబట్టి మాట పుట్టే అవసరం రాలేదు.

పద్యనాటకాల రోజుల్లో ఈ చిక్కు ఉండేది కాదు. బెజవాడలో ఆడిన నాటకం రాజమండ్రిలోనూ ఆడాలంటే కృష్ణుడి వేషం కట్టినాయన మళ్లీ రంగు పూసుకోవాల్సిందే, కాంట్రాక్టరు మళ్లీ డబ్బు ఇవ్వాల్సిందే. సినిమా వచ్చాక ఆ లంకె తెగిపోయింది. నటుడు ఒక్కసారి నటిస్తాడు, మిగతాదంతా రీలు చూసుకుంటుంది. పని ఒక రోజులో అయిపోతుంది, దాని మీద సంపాదన యాభై ఏళ్లు నడవచ్చు. ఈ తర్వాతి సంపాదనలో వాటాయే రెసిడ్యువల్స్. హాలీవుడ్‌లో పెద్ద సమ్మెలు చాలావరకు దీని చుట్టూ తిరిగినవే. సినిమాను చూపించే పద్ధతి మారిన ప్రతిసారీ పాత ఒప్పందం చెల్లని నోటవుతుంది, బేరం మళ్లీ మొదటికొస్తుంది.

మొదట టీవీతో వచ్చింది తంటా. 1950లలో స్టూడియోలు తమ గోడౌన్లలో పడి ఉన్న పాత సినిమాలను టీవీకి అమ్ముకున్నాయి. అందులో నటించినవాళ్లకు, రాసినవాళ్లకు పైసా దక్కలేదు. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకోటి ఉంది. టీవీలో పాత సినిమా వేసుకుంటే సరిపోతున్నప్పుడు కొత్తది తీసే అవసరం తగ్గుతుంది. పదేళ్ల కిందటి తనతోనే నటుడు అవకాశానికి పోటీ పడాలి. 1960లో రచయితలు, నటులు ఒకేసారి సమ్మెకు దిగింది ఇందుకే. అప్పుడు నటుల సంఘం అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్. (దేశాధ్యక్షుడయ్యాక 1981లో సమ్మె చేసిన 11 వేల మందికి పైగా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లను ఉద్యోగాల్లోంచి పీకేసింది కూడా ఈయనే.) నటుల బేరం ఇలా తెగింది: 1960 నుంచి తీసే సినిమాలను టీవీకి అమ్మితే నటులకు వాటా ఉంటుంది, అంతకుముందు తీసినవాటి మీద ఆశ వదులుకోవాలి, బదులుగా పింఛను, ఆరోగ్య పథకం కోసం స్టూడియోలు 22.5 లక్షల డాలర్లు కడతాయి. తమ పాత సినిమాలన్నీ చేజారిపోయాయని కొందరు సీనియర్ తారలు చాలాకాలం గుర్రుగానే ఉన్నారు. కానీ ఇవాళ అమెరికాలో పేరు తెలియని చిన్న నటుడికి కూడా ఎప్పుడో ఒకసారి పోస్టులో చెక్కు వస్తోందంటే ఆ బేరం వల్లే.

తర్వాత వీడియో క్యాసెట్ వచ్చింది. 1980లలో దాని ఫార్ములా ఖరారైంది. క్యాసెట్ల అమ్మకం మీద వచ్చే డబ్బులో 20 శాతాన్నే లెక్కలోకి తీసుకుంటారు. రచయితకు అందులో 1.5 నుంచి 1.8 శాతం. మిగతా 80 శాతం ఏమైందంటే, క్యాసెట్ తయారీ ఖరీదైన వ్యవహారం, మార్కెట్ ఇంకా కొత్తది అన్నారు. డీవీడీ వచ్చేసరికి తయారీ ఖర్చు దాదాపు పోయింది, ఫార్ములా మాత్రం అంగుళం కదలలేదు. ఒక్కో డీవీడీ మీద రచయిత చేతికి వచ్చింది నాలుగైదు సెంట్లు. ఇరవై ఏళ్ల పాటు రచయితల సంఘంలో ఎక్కడ నలుగురు కలిసినా ఇదే ఏడుపు.

అందుకే 2007లో మళ్లీ సమ్మెకు దిగేటప్పుడు డీవీడీ వాటా రెట్టింపు చేయాలన్నది వాళ్ల ముఖ్యమైన డిమాండ్. తీరా సమ్మె మొదలయ్యే ముందు రోజు దాన్ని బల్ల మీంచి తీసేశారు. ఇంటర్నెట్ విషయాన్ని మాత్రం వదల్లేదు. అప్పటికి నెట్‌ఫ్లిక్స్ అంటే కవర్లో డీవీడీ పెట్టి ఇంటికి పంపే కంపెనీ. ఇంటర్నెట్‌లో సినిమా చూపించడం అదే ఏడాది జనవరిలో మొదలుపెట్టింది. వంద రోజుల సమ్మె తర్వాత రచయితలకు మిగిలినవాటిలో పెద్దది, ఇంటర్నెట్ కోసం తీసేవాటికీ తమ సంఘం నిబంధనలు వర్తిస్తాయన్న ఒప్పుకోలు. అప్పట్లో దాన్ని చూసి ఇంత సమ్మె చేసింది ఇందుకా అనుకున్నవాళ్లూ లేకపోలేదు. అయిదారేళ్లకు నెట్‌ఫ్లిక్స్ సొంతంగా భారీ సిరీస్‌లు తీయడం మొదలుపెట్టింది. ఆ ఒప్పుకోలే లేకపోతే ఆ సెట్ల మీద సంఘానికి నోరెత్తే హక్కు కూడా ఉండేది కాదు. ఈ మొత్తం చరిత్రలో అందరికంటే ముందుచూపుతో ఆడిన ఎత్తు ఏదంటే దీన్నే చెప్పుకోవాలి.

అయినా 2023 ఎందుకు వచ్చింది? స్ట్రీమింగ్‌లో ‘మళ్లీ ప్రసారం’ అనేదే లేదు. సిరీస్ ఎప్పుడూ అక్కడే ఉంటుంది, ఎవరికి వీలైనప్పుడు వాళ్లు చూస్తారు. కాబట్టి ఎన్నిసార్లు చూశారన్న దాంతో పని లేకుండా, ఆ సర్వీసుకు ఎంతమంది చందాదారులున్నారో చూసి ఏడాదికి ఇంత అని ఒక మొత్తం ఇచ్చేవారు. ప్రపంచమంతా చూసిన సిరీస్‌కీ, పది మంది కూడా చూడనిదానికీ ఒకటే లెక్క. అసలు ఎంతమంది చూశారో రాసినవాళ్లకే చెప్పేవారు కాదు. దీనికి తోడు పనే కుంచించుకుపోయింది. పాత టీవీ సీరియల్‌కు ఏడాదికి 22 ఎపిసోడ్లు ఉండేవి, రచయితలకు ఏడాది పొడవునా పని దొరికేది. స్ట్రీమింగ్‌లో ఎనిమిదో పదో ఎపిసోడ్లు. షూటింగ్ ఖరారు కాకముందే నలుగురైదుగురు రచయితలను కొన్ని వారాలు కూర్చోబెట్టి కథంతా లాగేసి పంపించేయడం అలవాటైంది. వీటినే మినీ రూమ్‌లు అన్నారు. మన దగ్గర సిట్టింగ్స్‌కు పిలిచి, సీన్లన్నీ చెప్పించుకుని, తర్వాత ఫోనెత్తని వ్యవహారం తెలిసినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. పదేళ్ల కిందట టీవీ రచయితల్లో మూడో వంతు మంది కనీస వేతనానికి పనిచేసేవారు, ఇప్పుడు సగం మంది అలాగే చేస్తున్నారని సమ్మెకు ముందు సంఘం లెక్క చెప్పింది.

మే 2న దాదాపు 11,500 మంది రచయితలు పని ఆపేశారు. జులై 14న 1,60,000 మంది సభ్యులున్న నటుల సంఘం తోడైంది. రెండూ కలిసి సమ్మె చేయడం 1960 తర్వాత అదే మొదటిసారి. రచయితల సమ్మె 148 రోజులు, నటులది 118 రోజులు సాగింది. దర్శకుల సంఘం మాత్రం జూన్‌లోనే విడిగా ఒప్పందం చేసుకుంది.

స్టూడియోల వైపు వాదన బొత్తిగా లేదని కాదు. 2022 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్ రెండు లక్షల మంది చందాదారులను పోగొట్టుకున్నానని చెప్పగానే దాని షేరు ఒక్క రోజులో మూడో వంతుకు పైగా పడింది. అప్పటిదాకా ‘ఎంత ఖర్చయినా పెట్టండి, చందాదారులను పెంచండి’ అన్న వాల్‌స్ట్రీట్, రాత్రికి రాత్రి ‘లాభం ఏదీ’ అని అడగడం మొదలుపెట్టింది. డిస్నీ స్ట్రీమింగ్ విభాగం ఆ ఆర్థిక సంవత్సరంలో దాదాపు 400 కోట్ల డాలర్లు నష్టపోయింది. నటుల సమ్మెకు ముందు రోజు డిస్నీ అధిపతి బాబ్ ఐగర్, వీళ్ల కోరికలు వాస్తవానికి దగ్గరగా లేవన్నాడు. నష్టాల లెక్క నిజమే. కానీ స్ట్రీమింగ్ మీద అంత డబ్బు పోయాలన్న నిర్ణయం రచయితలది కాదు, చేసింది ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లు. వాళ్ల జీతాలకు మాత్రం ఆ నష్టం తగల్లేదు. సమ్మె నాటికి వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ అధిపతిగా ఉన్న డేవిడ్ జాస్లావ్‌కు 2021లో షేర్లతో కలిపి దక్కిన ప్యాకేజీ 24.66 కోట్ల డాలర్లు. 2023 మేలో ఆయన బోస్టన్ యూనివర్సిటీ స్నాతకోత్సవంలో మాట్లాడుతుంటే విద్యార్థులు ‘రచయితలకు డబ్బులివ్వండి’ అని అరిచారు.

ఇంకో సంగతి కూడా సమ్మెను సాగదీసింది. నిర్మాతల తరఫున మాట్లాడే ఏఎంపీటీపీ అనే కూటమిలో అందరి అవసరం ఒకటి కాదు. డిస్నీ, పారామౌంట్ లాంటి పాత స్టూడియోలకు సినిమాలు, టీవీయే తిండి. అమెజాన్‌కు, ఆపిల్‌కు సినిమా పక్క వ్యాపారం. ఏడాది పాటు ఒక్క షో తీయకపోయినా ఫోన్లు అమ్ముడవుతూనే ఉంటాయి. ఇటు సమ్మె చేసేవాడికి నెల తిరిగేసరికి ఇంటి అద్దె కట్టాలి. రచయితలు ఇళ్లు పోగొట్టుకునే దాకా లాగడమే ప్లాన్ అని పేరు చెప్పని ఒక అధికారి అన్నట్టు డెడ్‌లైన్ అనే సినిమా వార్తల వెబ్‌సైట్ జులైలో రాసింది. అది తమ మాట కాదని కూటమి ఖండించింది. అప్పటికే ఆ మాట జనంలోకి వెళ్లిపోయింది, నిలబడినవాళ్లలో పంతం పెరిగింది.

రచయితల సంఘం తన డిమాండ్లకు ఏడాదికి 42.9 కోట్ల డాలర్లు అవుతుందని లెక్క కట్టింది. సంఘం లెక్క ప్రకారం స్టూడియోలు మొదట ఇస్తామన్నది 8.6 కోట్లు. తెగిన బేరం విలువ 23.3 కోట్లు. వేతనం మొదటి ఏడాది 5, తర్వాత 4, ఆపైన 3.5 శాతం పెరిగింది. స్ట్రీమింగ్‌లో జనాదరణకు బోనస్ పెట్టారు: విడుదలైన మొదటి 90 రోజుల్లో ఆ సర్వీసు అమెరికా చందాదారుల్లో 20 శాతం మంది చూస్తే మామూలు రెసిడ్యువల్‌కు మరో సగం కలుస్తుంది. ఆ 20 శాతం మెట్టు ఎక్కేవి తక్కువే. అయినా చూసినవాళ్ల సంఖ్యకూ రాసినవాళ్ల డబ్బుకూ మళ్లీ ముడి పడింది. ఎన్ని గంటలు చూశారో కంపెనీలు గోప్యంగా సంఘానికి చెప్పాలని కూడా రాసుకున్నారు. ఆ డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ తనంతట తాను 18 వేలకు పైగా టైటిళ్లను జనం ఎన్ని గంటలు చూశారో ఆ లెక్కను బయటపెట్టింది.

ఏఐ గురించిన నిబంధనలకు ప్రచారం ఎక్కువ దొరికింది. ఏఐ రాసినదాన్ని రచనగా లెక్కించరు, రచయితను ఏఐ వాడమని బలవంతం చేయరు, ఏఐ తయారుచేసిన సరుకు చేతికిస్తే ఆ సంగతి చెప్పి ఇవ్వాలి. ఇది ఎందుకు అవసరమో లెక్క చూస్తే తెలుస్తుంది. ఒక కథను మొదట రాసినవాడికీ, ఉన్న స్క్రిప్టును తిరగరాసినవాడికీ రేట్లు వేరు. మెషిన్ గీసిన చిత్తుప్రతిని ‘మొదటి రచన’ అనేస్తే మనిషికి మిగిలేది దిద్దే కూలి, అది చవక. నటుల భయం ఇంకా సూటిగా ఉంది. గుంపులో నిలబడే నటులను ఒక్క రోజు డబ్బిచ్చి స్కాన్ చేసి, ఆ బొమ్మను ఎప్పటికీ వాడుకుంటామని స్టూడియోలు అడిగాయని నటుల సంఘం చెప్పింది. అలా అనలేదని స్టూడియోలు అన్నాయి. చివరికి డిజిటల్ ప్రతిరూపం వాడాలంటే ఒప్పుకోలూ ఉండాలి, డబ్బూ ఇవ్వాలని రాసుకున్నారు. టీవీలో పాత సినిమా వేస్తే నటుడికి తన పాత రూపంతో పోటీ వచ్చినట్టే, ఇప్పుడు తన స్కాన్‌తో పోటీ.

గెలిచాక పని పెరిగిందా అంటే, లేదు. 2023-24 సీజన్‌లో టీవీ రచయితల ఉద్యోగాలు అంతకుముందు ఏడాదితో పోలిస్తే 42 శాతం పడిపోయాయని సంఘమే చెప్పింది. ఇందులో సమ్మె వల్ల ఆగిపోయినవీ ఉన్నాయి, స్టూడియోలు ఖర్చు తగ్గించుకుని తీయడం మానేసినవీ ఉన్నాయి. కనీస రేటు పెంచుకోవడం సంఘం చేతిలో ఉంది. ఎన్ని షోలు తీయాలన్నది మాత్రం స్టూడియో చేతిలోనే ఉంది.

ఈ కథలో బయటివాళ్లకు తెలియని మెలిక ఒకటుంది. అమెరికా చట్టం ప్రకారం స్టూడియో కోసం రాసిన స్క్రిప్టుకు ‘రచయిత’ స్టూడియోయే. రాసినవాడు ఉద్యోగి. వినడానికి అన్యాయంగానే ఉంటుంది. కానీ ఉద్యోగి కాబట్టే సంఘం పెట్టుకుని బేరమాడగలడు, సమ్మె చేయగలడు. న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే థియేటర్లకు రాసే నాటక రచయితకు కాపీరైట్ తన దగ్గరే ఉంటుంది, అతని అనుమతి లేకుండా ఒక్క మాట మార్చకూడదు. అందుకే అతన్ని ఉద్యోగిగా చూడరు, అందరూ కలిసి రేటు అడిగే హక్కు ఉండదు. హాలీవుడ్ రచయిత కాపీరైట్ ఇచ్చి సంఘ బలం తీసుకున్నాడు.

సంఘం లేనిచోట ఏం జరుగుతుందో చూడాలంటే గ్రాఫిక్స్ పనివాళ్ల వైపు చూడాలి. దానికి హైదరాబాద్‌తోనూ సంబంధం ఉంది. లాస్ ఏంజెలెస్‌కు చెందిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీకి హైదరాబాద్‌లో స్టూడియో ఉండేది. ‘లైఫ్ ఆఫ్ పై’లో పులిని సృష్టించింది ఆ కంపెనీయే. 2013 ఫిబ్రవరిలో ఆ పనికి ఆస్కార్ వచ్చింది, దానికి రెండు వారాల ముందే కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. వేడుక జరుగుతుంటే బయట గ్రాఫిక్స్ ఆర్టిస్టులు ఆందోళన చేస్తున్నారు. వేదిక మీద అవార్డు తీసుకున్నాయన కంపెనీ కష్టాల మాట ఎత్తగానే మ్యూజిక్ పెంచి, మైకు కట్ చేశారు. ఈ రంగంలో కంపెనీలు ఒకదాన్ని మించి ఒకటి తక్కువకు కోట్ చేసి పని పట్టుకుంటాయి. డైరెక్టరు మనసు మార్చుకుని పది సార్లు మార్పులు చెప్పినా రేటు మారదు. ఆ భారమంతా రాత్రింబగళ్లు కూర్చునే ఆర్టిస్టు మీద పడుతుంది. మార్వెల్ సొంత గ్రాఫిక్స్ సిబ్బంది 2023 సెప్టెంబరులో ఏకగ్రీవంగా యూనియన్‌కు ఓటేశారు. ఆ అవకాశం హైదరాబాద్, బెంగళూరు, ముంబైలలో షాట్లు పూర్తి చేసేవాళ్లకు లేదు.

మన దేశంలో తర్వాతి సంపాదన గురించిన కొట్లాట పాటల దగ్గర మొదలైంది. 1977లో సుప్రీంకోర్టు, సినిమా కోసం చేయించుకున్న పాటకు మొదటి హక్కుదారు నిర్మాతేనని తీర్పు చెప్పింది. అక్కణ్నుంచి 35 ఏళ్లకు, రాజ్యసభ సభ్యుడిగా ఉన్న హిందీ సినీ గీత రచయిత జావేద్ అఖ్తర్ గట్టిగా పట్టుబట్టాక, 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. సినిమా హాల్లో ఆడినప్పుడు కాకుండా ఇంకెక్కడ వాడినా రాయల్టీలో సమాన వాటా గీత రచయితకు, సంగీత దర్శకుడికి ఉంటుంది. ‘నాకొద్దు’ అని సంతకం పెట్టినా ఆ హక్కు పోదు. అలా రాయించుకునే అలవాటు ఎంత ఉండేదో చట్టం రాసినవాళ్లకు తెలుసు. విచిత్రం ఏమిటంటే ఆ సవరణలో ఉన్న మాట ‘సాహిత్య కృతి’. కథ, సంభాషణలు కూడా అందులోకి వస్తాయని స్క్రీన్ రైటర్లు వాదిస్తారు. పాటలకు రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్‌ఎస్ ఉంది. మాటల రచయితకు మాత్రం తెలుగులో ఇప్పటికీ అడ్వాన్సు, తర్వాత విడతలు, అంతే.

2025 ఆగస్టులో హైదరాబాద్‌లో జరిగిన సమ్మెను ఈ వెలుగులో చూడాలి. సినీ కార్మికుల ఫెడరేషన్ 30 శాతం వేతనం పెంచాలంది, ఏ రోజు డబ్బు ఆ రోజే ఇవ్వాలంది. నిర్మాతల తరఫున ఫిల్మ్ చాంబర్ ఒప్పుకోలేదు. యూనియన్ కార్డు లేనివాళ్లతో కూడా పని చేయించుకుంటామని, కార్డు ఇవ్వడానికి లక్షల్లో వసూలు చేస్తూ కొత్తవాళ్లను రానివ్వడం లేదని నిర్మాతలు అన్నారు. ఈ చివరి ఫిర్యాదును కొట్టిపారేయలేం. తలుపు మూసుకున్న సంఘం బయటివాడి కంట్లో ఇంకో యజమానిలాగే కనిపిస్తుంది. సినీ కార్మికులు ఉండే కృష్ణానగర్‌లో తెల్లవారుజామున వ్యాన్లు ఆగిపోయాయి, షూటింగ్‌లు నిలిచాయి. 18 రోజుల తర్వాత ముఖ్యమంత్రి జోక్యంతో, కార్మిక శాఖ కమిషనర్ సమక్షంలో రాజీ కుదిరింది. రోజుకు రెండు వేల లోపు వచ్చేవారికి మూడేళ్లలో 15, 2.5, 5 చొప్పున మొత్తం 22.5 శాతం, రెండు వేల నుంచి అయిదు వేల దాకా వచ్చేవారికి 7.5, 5, 5 చొప్పున 17.5 శాతం.

లైట్లు మోసేవాడికి, మేకప్ వేసేవాడికి మొదట కావాల్సింది సాయంత్రానికి చేతికి వచ్చే కూలే. అది నెలల తరబడి బాకీ పడే పరిశ్రమలో తర్వాతి సంపాదన గురించి ఎవరు అడుగుతారు? హాలీవుడ్‌లో లైట్‌బాయ్‌కూ నేరుగా రెసిడ్యువల్ చెక్కు రాదు. కానీ సినిమాలు మళ్లీ అమ్ముడైనప్పుడు వచ్చే డబ్బులో కొంత వాళ్ల యూనియన్ పింఛను, ఆరోగ్య నిధికి చేరుతుంది. చేయి విరిగితే ఆస్పత్రి బిల్లు కట్టేది ఆ నిధే. ఇక్కడ షూటింగ్ మొదలవకముందే ఓటీటీ, శాటిలైట్, హిందీ డబ్బింగ్ రైట్స్ కింద కోట్లకు బేరాలు తెగుతాయి. కృష్ణానగర్ సమ్మెలో చర్చ మాత్రం కాల్షీటు ఎన్ని గంటలు, బేటా (రోజు ఖర్చులకిచ్చే డబ్బు) ఎంత, ఆదివారం డబులా కాదా అన్న దగ్గరే తిరిగింది. కొత్త రేట్ల కాగితం మీద ఉన్నదీ రోజు లెక్కే.